19,217 గజాలు: కేస్ కీనమ్ రికార్డు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ లెక్కల్లో 5,671 అనే అంకె రెండుసార్లు కనిపిస్తుంది. 2009లో హ్యూస్టన్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (జట్టు తరఫున బంతి విసిరే ఆటగాడు) కేస్ కీనమ్ ఒక్క సీజన్‌లో పాస్‌ల మీద సంపాదించిన గజాలవి. పదేళ్ల తర్వాత, 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ జో బరో కూడా సరిగ్గా అక్కడే ఆగాడు. ఒక్క గజం ఎక్కువ లేదు, తక్కువ లేదు. బరోకి ఆ ఏడాది కాలేజీ ఆటలో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన హైస్‌మన్ ట్రోఫీ దక్కింది. నాలుగు నెలల తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, మొట్టమొదట పిలిచింది అతని పేరే. కీనమ్ మాత్రం మరో రెండేళ్లు కాలేజీలోనే ఉండి, పాస్ గజాల్లోనూ టచ్‌డౌన్ పాస్‌లలోనూ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించే విసుర్లు) అగ్రశ్రేణి డివిజన్ చరిత్రలోనే ముందు నిలిచి, 2012 డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. ఆ డ్రాఫ్ట్‌లో మూడు రోజుల్లో 253 మందిని ఎంచుకున్నారు. వాళ్లలో క్వార్టర్‌బ్యాక్‌లే 11 మంది. కీనమ్ పేరు ఎవరూ పిలవలేదు.

2024 సీజన్లో ఓరెగాన్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియెల్ ఈ రికార్డుల దాకా వచ్చి ఆగడంతో పాత ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. చరిత్రలో అందరికన్నా ఎక్కువ గజాలు విసిరిన ఆటగాడిని ఎన్‌ఎఫ్‌ఎల్ 32 జట్లూ ఎందుకు వద్దనుకున్నాయి? రికార్డు తప్పా, జట్లు తప్పా?

క్లుప్తంగా చెప్పాలంటే: కెరీర్ రికార్డు అనేది ముందుగా అవకాశాల లెక్క. ఎన్ని సీజన్లు, ఎన్ని మ్యాచ్‌లు, మ్యాచ్‌కి ఎన్ని విసుర్లు అన్నవి దాని పునాది. ప్రతిభ ఆ పునాది మీద లేస్తుంది. కీనమ్ విషయంలో రెండూ ఉన్నాయి. అయితే 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటిదాన్నే చూసింది, రెండోదానికి వెల కట్టలేదు. ఆ తర్వాత లీగే మారింది.

ఆట తెలియనివారికి

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుది. గజమంటే గుడ్డ కొలిచే గజమే, మూడడుగులు. ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అతను పక్కవాడికి అందించి పరిగెత్తించవచ్చు, లేదా ముందుకు విసరవచ్చు. విసిరిన బంతిని సొంత జట్టువాడు పట్టుకుంటే ఎన్ని గజాలు వచ్చాయో అవి క్వార్టర్‌బ్యాక్ పాస్ గజాలు. ఎదుటివాడు పట్టుకుంటే ఇంటర్‌సెప్షన్.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. క్వార్టర్‌బ్యాక్ రెండు గజాల దూరం విసిరి, అందుకున్నవాడు అక్కడి నుంచి అరవై గజాలు పరిగెత్తాడనుకుందాం. క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడేవి రెండు కాదు, అరవై రెండు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ సగం అర్థమైనట్టే.

ఆబిలీన్ కుర్రాడు, ఒకే ఒక్క ఆఫర్

కీనమ్ 1988 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని బ్రౌన్‌వుడ్‌లో పుట్టాడు, ఆబిలీన్‌లో పెరిగాడు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాలే. కేటీ, షుగర్‌ల్యాండ్, ఫ్రిస్కో వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఆ సందడి కొత్త కాదు, ఆట అర్థం కాకపోయినా పిల్లలు బ్యాండ్‌లో వాయిస్తున్నారని స్టేడియానికి వెళ్లేవాళ్లు బోలెడుమంది. అలాంటి రాష్ట్రంలో వైలీ హైస్కూల్‌ని 2004లో తన శ్రేణిలో స్టేట్ ఛాంపియన్‌గా నిలిపిన క్వార్టర్‌బ్యాక్ కీనమ్. అయినా అగ్రశ్రేణి డివిజన్ నుంచి స్కాలర్‌షిప్ ఇస్తామన్న కాలేజీ ఒక్కటే, హ్యూస్టన్. ఆరడుగుల పైన ఒక్క అంగుళం ఎత్తు, మెరుపులాంటి విసురు లేదు. పెద్ద కాలేజీలు అక్కడే పక్కన పెట్టేశాయి.

2006లో రెడ్‌షర్ట్ పేరుతో మ్యాచ్‌లకు దూరంగా ఉన్నాడు. కాలేజీ ఆటగాడికి అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉంటుంది కాబట్టి, మొదటి ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టి ఒక సీజన్ మిగుల్చుకోవడం అప్పట్లో మామూలే. 2007లో మరో క్వార్టర్‌బ్యాక్‌తో పంచుకుంటూ ఆడి 2,259 గజాలు చేశాడు. 2008లో కెవిన్ సమ్లిన్ హెడ్ కోచ్‌గా, డేనా హోల్గర్‌సన్ అటాక్ నడిపే కోచ్‌గా వచ్చారు. ఆ ఏడాది గజాలు ఒక్కసారిగా 5,020కి, తర్వాతి ఏడాది 5,671కి ఎగిరాయి.

2010 సెప్టెంబర్‌లో లాస్ ఏంజిలిస్ దగ్గరి రోజ్ బౌల్ స్టేడియంలో యూసీఎల్ఏతో మూడో మ్యాచ్. కీనమ్ విసిరిన బంతి ఎదుటివాళ్ల చేతికి చిక్కింది. ఆ ఆటగాణ్ని ఆపబోయి పడ్డాడు, మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ అక్కడితో సరి. విసురుతూ కాదు, తన తప్పు దిద్దుకోబోయి గాయపడ్డాడు. 2011 జనవరిలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అతనికి ఆరో ఏడాది ప్రత్యేక అనుమతి ఇచ్చింది.

“ఆరేళ్లు ఆడితే ఎవరికైనా రికార్డు వస్తుంది” అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. అంకెలు చూస్తే అది సగమే నిజం. 2007లో 2,259, 2008లో 5,020, 2009లో 5,671, 2010లో మూడు మ్యాచ్‌లకే 636, 2011లో 5,631. మొత్తం 19,217. అంటే అతను ఆడింది ఆరు సీజన్లు కాదు, నాలుగు సీజన్లు, పైన మూడు మ్యాచ్‌లు. గాయం వల్ల అదనంగా కలిసొచ్చినవి ఆ 636 గజాలు మాత్రమే. 2009 చివరికి అతని ఖాతాలో 12,950 ఉన్నాయి. హవాయి క్వార్టర్‌బ్యాక్ టిమ్మీ చాంగ్ పేరిట ఉన్న 17,072 పాత రికార్డు దాటడానికి 4,123 సరిపోతాయి. గాయం లేకుండా 2010 పూర్తిగా ఆడి ఉంటే, అతను అప్పటికి ఆడుతున్న తీరులో ఆ రికార్డు ఏడాది ముందే పడేది.

గజాలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇంత పెరుగుదలకి అసలు కారణం పద్ధతి. హోల్గర్‌సన్ తెచ్చింది ‘ఎయిర్ రెయిడ్’. హాల్ మమ్మీ, మైక్ లీచ్ అనే ఇద్దరు కోచ్‌లు చిన్న కాలేజీల్లో మొదలుపెట్టి పెంచిన ఆట ఇది. హోల్గర్‌సన్ మమ్మీ దగ్గర ఆడాడు, టెక్సస్ టెక్‌లో లీచ్ దగ్గర పనిచేశాడు. ఈ పద్ధతి వెనక ఉన్న తర్కం పేదవాడి తర్కం. భారీ శరీరాలున్న ఆటగాళ్లందరినీ పెద్ద కాలేజీలు ఎగరేసుకుపోతాయి. మిగిలిన తేలికపాటి వాళ్లతో గుద్దుకుని గెలవలేం. కాబట్టి మైదానం అడ్డంగా అందరినీ పరిచి, ఎదుటి జట్టునూ పలచగా సాగదీసి, ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడికి బంతి వేయడం.

ఇందులో ఎత్తులు, అంటే ఒక్కో ప్రయత్నంలో ఆడే ఎత్తుగడలు, కొన్నే ఉంటాయి. వాటినే రోజూ వందలసార్లు సాధన చేస్తారు. ఇద్దరు రిసీవర్లు (బంతి అందుకునేవాళ్లు) ఎదురెదురుగా వచ్చి భుజాలు రాసుకునేంత దగ్గరగా దాటుకుంటారు, వెంటపడేవాళ్లు ఒకరికొకరు అడ్డం పడతారు, క్వార్టర్‌బ్యాక్ అయిదారు గజాల్లో బంతి అందిస్తాడు. మరోటి, పక్క గీత దగ్గర నిలబడ్డవాడికి నేరుగా వేసేయడం. వేరే జట్టు అయితే ఆ నాలుగు గజాల కోసం పరుగు ఎత్తుకునేది, అవి పరుగు ఖాతాలో పడేవి. ఇక్కడ అవే నాలుగు గజాలు పాస్ ఖాతాలోకి వెళ్తాయి. పనిలో పెద్ద తేడా లేదు, పద్దు మాత్రం మారింది.

వేగం రెండో కారణం. ప్రతి ఎత్తుకీ ముందు గుంపుగా చేరి మాట్లాడుకోవడం మానేశారు. అంచున నిలబడ్డ కోచ్‌లు చేతి సైగలతో చెప్పడం, బంతి నేల మీద పెట్టగానే మొదలెట్టడం. నిబంధనలు కూడా సాయం చేశాయి. పది గజాలు దాటిన ప్రతిసారీ కాలేజీ ఆటలో గడియారం ఆగేది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆగదు. అందువల్ల అదే అరవై నిమిషాల్లో కాలేజీ జట్టుకి ఎక్కువ ఎత్తులు పడతాయి. 2006 నుంచి సీజన్‌కి 12 మ్యాచ్‌లు శాశ్వతమయ్యాయి. సీజన్ ముగిశాక ఆడే బౌల్ మ్యాచ్‌ల గజాలను 2002 నుంచే అధికారిక లెక్కల్లో కలుపుతున్నారు. 1980ల చివర్లో, 1990ల మొదట్లో బ్రిగమ్ యంగ్‌కి ఆడిన టై డెట్మర్‌కి ఆ సౌకర్యం లేదు. అతని 15,031 గజాల్లో బౌల్ మ్యాచ్‌లవి ఒక్కటీ లేవు.

మైదానం మీద గీతలు కూడా ఇందులో భాగమే. ఎత్తు ఎక్కడ ముగిసినా, తర్వాతి ఎత్తుకి బంతిని రెండు వరసల గీతల మధ్యకు తెచ్చి పెడతారు. కాలేజీలో ఆ వరసల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కాలేజీలో బంతి ఎడమ గీత మీద ఉంటే కుడివైపు 100 అడుగుల ఖాళీ, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 89 అడుగులు. పదకొండు అడుగుల తేడా తక్కువేం కాదు. ఎయిర్ రెయిడ్ బతికేదే ఆ ఖాళీ మీద.

ఒకే అంకె, రెండు ఆటలు

ఇప్పుడు మళ్లీ 5,671 దగ్గరికి రావాలి. 2009లో ఆ గజాలకు కీనమ్ విసిరింది 700 సార్లు. 2019లో బరో విసిరింది 527 సార్లు. అంటే విసురుకి కీనమ్‌కి 8.1 గజాలు, బరోకి దాదాపు 10.8. టచ్‌డౌన్లు కీనమ్‌వి 44, బరోవి 60. బరో 15 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ ఛాంపియన్ అయ్యాడు, అది కూడా దేశంలోకెల్లా గట్టి కాన్ఫరెన్స్‌లో (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి) ఆడి. కీనమ్ ఆడిన కాన్ఫరెన్స్ యూఎస్ఏ దాంతో పోల్చదగ్గది కాదు. 2009లో హ్యూస్టన్ నాలుగు మ్యాచ్‌లు ఓడింది. ఆఖరి మ్యాచ్‌లో ఎయిర్ ఫోర్స్ జట్టు మీద కీనమ్ ఆరు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. 700 సార్లు విసిరేవాడి చేతిలో అలాంటి రోజు ఒకటైనా వస్తుంది.

ఇక్కడితో ఆగితే కీనమ్‌కి అన్యాయం జరుగుతుంది. రికార్డు తీసుకున్నది బరో నుంచి కాదు, చాంగ్ నుంచి. చాంగ్ 2,436 సార్లు విసిరి 17,072 గజాలు చేశాడు, విసురుకి 7.0. ఇంటర్‌సెప్షన్లు 80. కీనమ్ కెరీర్ మొత్తంలో విసిరింది 2,229 సార్లు, విసురుకి 8.6 గజాలు, ఇంటర్‌సెప్షన్లు 46. రెండువందల ఏడు విసుర్లు తక్కువ, గజాలు 2,145 ఎక్కువ. పైగా అతని చివరి సీజన్ మొదటి వాటికన్నా వేరే స్థాయిది. 2011లో 603 విసుర్లలో 71 శాతం సొంతవాళ్ల చేతుల్లోనే పడ్డాయి, విసురుకి 9.3 గజాలు, 48 టచ్‌డౌన్లు, అయిదే ఇంటర్‌సెప్షన్లు. పద్ధతి 2008 నుంచీ అదే. మారింది ఆటగాడు. ‘అంతా పద్ధతి మహిమే’ అనేవాళ్లు ఈ సీజన్‌కి జవాబు చెప్పాల్సి ఉంటుంది.

ఒక్క ఓటమి ఖరీదు

2011 అక్టోబర్ 27న రైస్ యూనివర్సిటీ మీద కీనమ్ ఒక్క మ్యాచ్‌లో తొమ్మిది టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. స్కోరు 73-34. ఆ రాత్రే టెక్సస్ టెక్ ఆటగాడు గ్రాహం హారెల్ పేరిట ఉన్న 134 టచ్‌డౌన్ పాస్‌ల రికార్డు పడిపోయింది. తొమ్మిది రోజుల తర్వాత చాంగ్ గజాల రికార్డు కూడా. హ్యూస్టన్ వరసగా 12 మ్యాచ్‌లు గెలిచింది. టీవీ వాళ్లు తమ ప్రసిద్ధ శనివారం ఉదయం కార్యక్రమాన్ని ఆ క్యాంపస్‌కే తెచ్చారు.

డిసెంబర్ 3న సదర్న్ మిసిసిపీతో కాన్ఫరెన్స్ ఫైనల్, సొంత మైదానంలో. గెలిస్తే బీసీఎస్ అనే అప్పటి ఏర్పాటు కింద మేటి జట్లకే దక్కే పెద్ద బౌల్ మ్యాచ్‌లలో ఒకటి దాదాపు ఖాయం. హ్యూస్టన్ 28-49తో ఓడింది. ఆ ఒక్క ఓటమితో కోట్లాది మంది చూసే వేదిక చేజారింది. కొద్ది రోజుల్లో కోచ్ సమ్లిన్ టెక్సస్ ఏ అండ్ ఎంకి వెళ్లిపోయాడు. హైస్‌మన్ ఓటింగ్‌లో కీనమ్ ఏడో స్థానంలో నిలిచాడు. జనవరి 2న చిన్న బౌల్‌లో పెన్ స్టేట్ మీద 532 గజాలు విసిరి 30-14తో గెలిపించాడు గానీ, అప్పటికి చాలామంది జట్ల వాళ్ల అభిప్రాయం ఖరారైపోయింది.

డ్రాఫ్ట్‌లో పేరెందుకు లేదు

కారణాలు నాలుగైదు కలిసి పనిచేశాయి. ఎత్తు తక్కువ అన్నది ఒకటి. కానీ అదే డ్రాఫ్ట్‌లో అంతకన్నా పొట్టివాడైన రసెల్ విల్సన్‌ని మూడో రౌండ్‌లో సియాటిల్ తీసుకుంది, రెండేళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. వయసు 24 దాటింది, మోకాలికి పెద్ద గాయం తగిలింది, చెయ్యి బలం మామూలే. వీటన్నిటికన్నా బరువైంది చరిత్ర.

హ్యూస్టన్ నుంచే గతంలో ఇద్దరు రికార్డుల వీరులు వచ్చారు. 1989 హైస్‌మన్ విజేత ఆండ్రీ వేర్‌ని డెట్రాయిట్ ఏడో ఆటగాడిగా తీసుకుంది. 1990లో 11 మ్యాచ్‌ల్లో 54 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, టోక్యోలో ఆరిజోనా స్టేట్ మీద ఒక్క మ్యాచ్‌లో 716 గజాలు విసిరిన డేవిడ్ క్లింగ్లర్‌ని సిన్సినాటి 1992లో ఆరో ఆటగాడిగా తీసుకుంది. ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. వాళ్లు ఆడింది ‘రన్ అండ్ షూట్’ అనే వేరే పద్ధతి, అయినా జట్ల వాళ్ల మనసులో ముద్ర పడిపోయింది. తర్వాత చాంగ్‌ని, హారెల్‌ని ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. ‘సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్’, అంటే పద్ధతి వల్లే అంకెలు వచ్చినవాడు, అన్న మాట దాదాపు తిట్టుగా మారింది.

మన దగ్గర దీనికి దగ్గరి పోలిక రంజీ ట్రోఫీలో దొరుకుతుంది. 1994లో ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకు 944 చేసిన మ్యాచ్‌లో ఎం.వి. శ్రీధర్ 366 పరుగులు చేశాడు. భారత జట్టులో మాత్రం అతనికి ఎన్నడూ చోటు దక్కలేదు. ఏ పిచ్ మీద, ఎవరి బౌలింగ్‌లో అన్న ప్రశ్న సెలెక్టర్లు అడుగుతారు. అడగాల్సిందే కూడా. ఆ ప్రశ్నకి జవాబు వెతక్కుండా ముందే తీర్మానించుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ అడిగిన ప్రశ్న సబబైనదే. ఎయిర్ రెయిడ్ క్వార్టర్‌బ్యాక్ వెనక్కి నిలబడే బంతి అందుకుంటాడు, ఎత్తుని కోచ్ సైగతో చెబుతాడు. 2012 నాటి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పొడుగాటి వాక్యంలాంటి ఎత్తు పేరుని గుంపులో వినిపించాలి, బంతిని వెనక్కి అందించే సెంటర్‌ని ఆనుకుని నిలబడి బంతి తీసుకోవాలి, ఇరుకైన సందుల్లోకి వేయాలి. వీటిలో ఏదీ అతను చేయలేడని రుజువు లేదు, చేయగలడనీ లేదు. రుజువు లేనిచోట జట్లు డబ్బు పెట్టలేదు.

పదమూడేళ్ల ఉద్యోగం

డ్రాఫ్ట్ అవ్వకపోయినా హ్యూస్టన్ టెక్సన్స్ అతణ్ని ఫ్రీ ఏజెంట్‌గా, అంటే డ్రాఫ్ట్‌తో పనిలేకుండా నేరుగా, తీసుకుంది. 2012 అంతా మ్యాచ్‌లు లేకుండా సాధనకే పరిమితమైన ప్రాక్టీస్ స్క్వాడ్‌లోనే. 2013లో ఎనిమిది మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడించారు, ఎనిమిదీ ఓడిపోయారు. ఆ ఏడాది టెక్సన్స్ మొత్తం గెలిచిందే రెండు. తర్వాత రామ్స్, మళ్లీ టెక్సన్స్, మళ్లీ రామ్స్. 2016లో రామ్స్ లాస్ ఏంజిలిస్‌కి తిరిగొచ్చినప్పుడు మొదటి క్వార్టర్‌బ్యాక్ అతనే, అయితే ఆ డ్రాఫ్ట్‌లో మొదటి పేరైన జారెడ్ గాఫ్ సిద్ధమయ్యేదాకానే.

2017లో మిన్నెసోటా వైకింగ్స్ ఏడాదికి 20 లక్షల డాలర్లకు తీసుకుంది, మొదటి క్వార్టర్‌బ్యాక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆడలేని రోజున పనికొస్తాడని. బ్రాడ్‌ఫర్డ్ మోకాలు మొరాయించింది. కీనమ్ 14 మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడి 11 గెలిపించాడు. 3,547 గజాలు, 22 టచ్‌డౌన్లు, ఏడు ఇంటర్‌సెప్షన్లు. పాస్‌లలో మూడింట రెండు వంతులు చేరాల్సినచోటికి చేరాయి. అటాక్ నడిపిన కోచ్ పాట్ షర్మర్ అతని చేతికి సరిపోయే చిన్న, వేగమైన విసుర్లనే ఎక్కువ పెట్టాడు. కాలేజీలో నేర్చిన పనే, జీతం మాత్రం పెరిగింది.

2018 జనవరి 14, న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌తో ప్లేఆఫ్. వైకింగ్స్ ఒక్క పాయింట్ వెనక, 23-24. మిగిలింది పది సెకన్లు. బంతి సొంత 39వ గజం దగ్గర, టైమవుట్లు లేవు. లెక్క ప్రకారం చేయాల్సింది పక్క గీత దగ్గర ఓ పాతిక గజాల విసురు వేసి, పట్టుకున్నవాడు బయటికి అడుగేసి గడియారం ఆపితే ఫీల్డ్ గోల్‌కి (బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడం) ప్రయత్నించడం. కీనమ్ కుడివైపు ఎత్తుగా వేశాడు. స్టెఫాన్ డిగ్స్ గాల్లోకి ఎగిరి పట్టాడు. అడ్డుకోవాల్సిన సెయింట్స్ ఆటగాడు తల వంచి దూసుకొచ్చి ఖాళీగా పోయాడు. డిగ్స్ చెయ్యి నేలకి ఆనించి నిలదొక్కుకుని, వెనక్కి చూస్తే ఎవరూ లేరు. 61 గజాలు, టచ్‌డౌన్, మ్యాచ్ అయిపోయింది. అసలు సమయం ఆఖరి ఎత్తులో టచ్‌డౌన్‌తో ముగిసిన మొదటి ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్ ఇదే. ‘మినియాపోలిస్ అద్భుతం’గా పేరు పడింది. కీనమ్ ఖాతాలో పడిన ఆ 61లో గాల్లో వెళ్లినవి సగం కన్నా తక్కువే. మొదట్లో చెప్పిన మెలిక ఇక్కడా వర్తిస్తుంది.

వారం తర్వాత ఫిలడెల్ఫియా చేతిలో 7-38తో ఓటమి. రెండు నెలల్లో వైకింగ్స్ 8 కోట్ల 40 లక్షల డాలర్ల పూర్తి గ్యారంటీతో కర్క్ కజిన్స్‌ని తెచ్చుకుంది. కీనమ్ డెన్వర్‌తో రెండేళ్లకు 3 కోట్ల 60 లక్షల ఒప్పందం చేసుకున్నాడు. అక్కడ ఆరు గెలుపులు, పది ఓటములు. తర్వాత వాషింగ్టన్, క్లీవ్‌లాండ్, బఫలో, మళ్లీ హ్యూస్టన్, 2025లో చికాగో. మొత్తం మీద 60కి పైగా మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాడు. అతనికన్నా ముందు ఎంపికైన 11 మందిలో కొందరు ఎప్పుడో ఆట మానేశారు. స్టార్ కాలేదు, విఫలమూ కాలేదు. అమెరికా చర్చల్లో ఈ మధ్యస్థానానికి సరైన పేరే లేదు.

ఈలోగా లీగ్ దారి మళ్లింది. కీనమ్ కాలేజీ రోజుల్లో హ్యూస్టన్ కోచింగ్ బృందంలో క్లిఫ్ కింగ్స్‌బరీ ఉన్నాడు. తర్వాత టెక్సస్ టెక్‌లో అతను తయారుచేసిన ప్యాట్రిక్ మహోమ్స్ 2016లో ఓక్లహోమా మీద 734 గజాలు విసిరి ఒక్క మ్యాచ్ రికార్డు సమం చేశాడు, ఆ మ్యాచ్ ఓడిపోయాడు కూడా. 2017లో కాన్సాస్ సిటీ అతణ్ని పదో ఆటగాడిగా తీసుకుంది. 2018, 2019 డ్రాఫ్ట్‌లలో మొదటి పేర్లు బేకర్ మేఫీల్డ్, కైలర్ మర్రే ఇద్దరూ ఎయిర్ రెయిడ్ వంశం వాళ్లే. 2012లో అనుమానంగా చూసిన ముద్ర ఆరేళ్లకు అడ్డంకి కాకుండా పోయింది. అలాగని తలుపులు బార్లా తెరుచుకోలేదు. 2021లో వెస్టర్న్ కెంటకీకి ఆడిన బెయిలీ జాపీ 5,967 గజాలు, 62 టచ్‌డౌన్లతో ఒక్క సీజన్ రికార్డులు రెండూ తిరగరాస్తే, అతనికి దక్కింది నాలుగో రౌండ్.

రికార్డు నిలుస్తుందా

రెండు వైపులా లాగే శక్తులున్నాయి. 2023 నుంచి కాలేజీల్లో కూడా పది గజాలు దాటితే గడియారం ఆగడం లేదు, ప్రతి సగంలో చివరి రెండు నిమిషాల్లో తప్ప. ఎత్తులు తగ్గితే విసుర్లు తగ్గుతాయి. నాలుగేళ్లు కాలేజీలో ఉండే మంచి క్వార్టర్‌బ్యాక్‌లు ఎప్పుడూ తక్కువే, బాగా ఆడేవాడు మూడో ఏడే డ్రాఫ్ట్‌కి వెళ్లిపోతాడు. కోవిడ్ వల్ల 2020 సీజన్‌ని అర్హత లెక్కలోంచి తీసేయడంతో ఒక తరానికి దొరికిన అదనపు ఏడాది కూడా ముగిసింది.

ఇంకోవైపు డబ్బు ఉంది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. కీనమ్‌కి ఆరో ఏడాది అంటే స్కాలర్‌షిప్ మాత్రమే. ఇప్పుడు మూడో రౌండ్‌లో పోతాడనుకునే క్వార్టర్‌బ్యాక్‌కి ఇంకో ఏడాది కాలేజీలో ఉండటమే లాభంగా కనిపించవచ్చు. అర్హత సంవత్సరాల మీద కోర్టు కేసులు నడుస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియాకి కోర్టు మరో ఏడాది ఇప్పించింది. ప్లేఆఫ్ 12 జట్లకు పెరిగింది కాబట్టి పెద్ద జట్లకు మ్యాచ్‌లు పెరిగాయి.

గేబ్రియెల్‌ని చూస్తే ఈ లాగుడు అర్థమవుతుంది. సెంట్రల్ ఫ్లోరిడా, ఓక్లహోమా, ఓరెగాన్ మూడు చోట్లా కలిపి 63 మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాడు. కీనమ్ ఆడినవి మొత్తం 57. పరుగు టచ్‌డౌన్లు కూడా కలిపితే గేబ్రియెల్‌వి 190, ఆ లెక్కలో అగ్రశ్రేణి డివిజన్ రికార్డు అతనిదే. టచ్‌డౌన్ పాస్‌లు సరిగ్గా 155, కీనమ్‌తో సమానం. గజాలు 18,722, కీనమ్‌కన్నా 495 తక్కువ.

ఇంకొక్క టచ్‌డౌన్ పాస్ వేసి ఉంటే ఆ రికార్డు ఒక్కడిదే అయ్యేది. ఓరెగాన్ ఆ ఏడాది దేశంలో నంబర్ వన్‌గా ప్లేఆఫ్‌లోకి వచ్చింది, క్వార్టర్ ఫైనల్ గెలిస్తే ఇంకో మ్యాచ్, అదీ గెలిస్తే మరొకటి. 2025 జనవరి 1న ఒహాయో స్టేట్ చేతిలో 21-41తో ఓడింది. మ్యాచ్ జరిగింది రోజ్ బౌల్ స్టేడియంలో, పద్నాలుగేళ్ల కిందట కీనమ్ మోకాలు తిరిగిన ఆ పచ్చిక మీదే.